పొగ వంట నేర్చుకుందాం – 3వ పాఠం: మన దగ్గరి కట్టె వెతుక్కోవడం

పోయిన రెండు పాఠాల్లో మాంసానికి పొగ పెట్టే డ్రమ్ము తయారు చేసుకోవడం, గాలి రంధ్రాలు తెరుస్తూ మూస్తూ వేడిని 110 నుంచి 120 డిగ్రీల మధ్య నిలబెట్టడం చూశాం. ఆ తర్వాత అందరూ అడిగే మొదటి మాట, అమెరికాలో పొగ వంటకి వాడే హికరీ కట్టె హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది అన్నా అని. అది మన దగ్గర పెరిగే చెట్టు కాదు. ఆన్‌లైన్లో ఇంపోర్టెడ్ చిప్స్, అంటే చిన్న కట్టె ముక్కలు, చిన్న చిన్న ప్యాకెట్లలో వస్తాయి గానీ ఆ రేటు పెట్టి ప్రతి ఆదివారం మటన్‌కి పొగ పెట్టడం అయ్యే పని కాదు, నన్నడిగితే అవసరం కూడా లేదు.

ఎందుకంటే టెక్సాస్ మధ్య ప్రాంతంలో వాళ్ళు పోస్ట్ ఓక్ వాడేది అక్కడ చుట్టుపక్కల ఓక్ ఉంది కాబట్టి, పడమటికి వెళ్తే మెస్కీట్ వాడతారు అక్కడ ఆ తుప్పలే ఉన్నాయి కాబట్టి. ఎవరి చెట్టు వాళ్ళది. అమెరికాలో పొగ వంట నేర్చుకుని తిరిగొచ్చినవాళ్ళు ఇక్కడ ఆ పేర్లే వెతుకుతారు, కానీ వెతకాల్సింది పేరు కాదు, గట్టి కట్టె, అందులోనూ బాగా ఆరిన కట్టె.

ఇది కొంచెం అర్థం చేసుకుంటే మిగతా పాఠమంతా సులువు. కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, అది వేడికి విడిపోయినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అని రెండు రకాలు బయటికొస్తాయి, పొగ రుచి ఎక్కువగా మొదటిదాని వల్ల, పొగ వాసన రెండోదాని వల్ల. మామిడి, జామ, చింత, తుమ్మ లాంటి గట్టి కట్టె చెట్లన్నిట్లో ఈ రెండూ వస్తాయి. దేవదారు, పైన్ లాంటి వాటిలో జిగురు ఉంటుంది కాబట్టి మసి పట్టి మాంసం చేదెక్కుతుంది, అవి వద్దు. ఇక పచ్చి కట్టె సంగతి, అందులో బరువుకి సగం దాకా నీళ్ళే ఉంటాయి, మంట వేడంతా ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, కట్టె సరిగ్గా కాలదు, తెల్లగా దట్టంగా కళ్ళు మండే పొగ వస్తుంది. ఆ పొగ తగిలిన చికెన్ నాలుక మీద తారులా అంటుకుంటుంది. మనకి కావాల్సింది కనీ కనపడని పల్చటి నీలి పొగ. అందుకే చిప్స్‌ని నీళ్ళల్లో నానబెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, ఆరబెట్టిన కట్టెని మళ్ళీ తడపడం ఏంటి చెప్పండి.

ఇప్పుడు మన చెట్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను మొదట చెప్పేది జామ. పొగ మెత్తగా ఉంటుంది, కొంచెం ఎక్కువైనా కూర పాడవదు, కొమ్మలు మణికట్టు లావే ఉంటాయి కాబట్టి తొందరగా ఆరతాయి, చికెన్‌కి చేపకి రెంటికీ బాగుంటుంది. తర్వాత మామిడి. మొయినాబాద్, చేవెళ్ళ, శామీర్‌పేట వైపు తోటలున్నవాళ్ళు ఎవరైనా తెలిస్తే కాయ కోత అయ్యాక కొమ్మలు కత్తిరించేటప్పుడు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి, మామూలుగా ఆ కొమ్మలు పొయ్యిలోకే పోతాయి. మామిడి పచ్చిగా ఉన్నప్పుడు జీడి చేతికి తగిలితే కొంతమందికి దద్దుర్లు వస్తాయి, గ్లౌజులు వేసుకోండి, ఆరాక బెరడు తీసేయండి.

చింత కట్టె బరువు, చీల్చాలంటే గొడ్డలికి చెమట పడుతుంది, కానీ నిప్పులు చాలాసేపు నిలుస్తాయి, మేక తొడ లాంటి గంటల పనికి మంచిది. నల్ల తుమ్మ కూడా అంతే.

సర్కారు తుమ్మ గురించి విడిగా చెప్పాలి. ఊరి బయట చెరువు గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో అందరూ తిట్టుకునే ఆ ముళ్ళ కంప ఉంది చూడండి, దాని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. టెక్సాస్ మెస్కీట్ పేరు ప్రోసోపిస్ గ్లాండులోసా. అంటే రెండూ ఒకే జాతి చెట్లు, అక్కడ ప్యాకెట్లో పెట్టి అమ్మేదానికి దగ్గరి చుట్టం మన దగ్గర తుప్పగా పెరుగుతోంది! మెస్కీట్‌కి చెప్పే నియమమే దీనికీ వర్తిస్తుంది, వేడి బాగా ఎక్కువ, పొగ ఘాటు, కాబట్టి సీక్ కబాబ్, టిక్కా లాంటి నిమిషాల్లో అయ్యే వాటికి నేరుగా వాడండి, గంటల తరబడి పెట్టే మాంసానికైతే పూర్తిగా నిప్పులయ్యేదాకా విడిగా కాల్చి అప్పుడు డ్రమ్ములోకి తొయ్యండి.

వద్దనేవి కూడా రాసుకోండి. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు ఇవి విషం, కబాబ్ గుచ్చడానికి పుల్లగా కూడా వాడకూడదు. నీలగిరి నూనె వాసన మాంసానికి పట్టేస్తుంది, టేకులో కూడా నూనె ఎక్కువే. వేప పొగ దోమలకి సరే గానీ తిండికి నేను వాడను. పాత తలుపులు, ప్లైవుడ్, రంగు వేసిన ఏ చెక్కైనా వద్దు. రైల్వే పాత స్లీపర్ దుంగలకి చెక్క పుచ్చకుండా క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టించి ఉంటుంది, అస్సలు ముట్టుకోవద్దు. ప్యాకింగ్ ప్యాలెట్ల మీద ఎంబీ అని ముద్ర ఉంటే పురుగులు చావడానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషపు గ్యాస్ పెట్టారని అర్థం, అవీ వద్దు. సా మిల్లు రంపపు పొట్టులో ఏ చెక్క కలిసిందో తెలీదు కాబట్టి అదీ పక్కన పెట్టేయండి.

మరి కొనేది ఎక్కడ? రంజాన్ నెలలో పాతబస్తీలో హలీం భట్టీల దగ్గర కాసేపు నిలబడి చూడండి, గంటల తరబడి కట్టెల మీదే ఉడుకుతుంది అది, అక్కడ పనివాళ్ళకి ఏ కట్టె ఎంతసేపు నిలుస్తుందో మనకన్నా బాగా తెలుసు, మర్యాదగా అడిగితే కట్టెలు ఎక్కడి నుంచి తెస్తారో చెప్తారు. బొగ్గులైతే ఇస్త్రీ బండి వాళ్ళని, కబాబ్ బండి వాళ్ళని అడగండి. కట్టెల డిపోకి వెళ్ళాక వాళ్ళు పైనుంచి తీసి కాంటా మీద పెట్టేది తీసుకోకండి, మీరే ఏరుకోండి. ముక్క చివర చూడండి, మధ్య నుంచి అంచుకి పగుళ్ళు ఉంటే ఆరినట్టు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి, టంగుమని మోగితే తీసుకోండి, దబ్‌మంటే లోపల తడి ఉంది. బెరడు గోటితో లేపితే ఊడి రావాలి. బూజు వాసన వస్తే ఎంత తక్కువ రేటుకిచ్చినా వదిలేయండి.

రోడ్డు పక్క చెట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కావాలి. గాలివానకి పడిపోయిన కొమ్మ మీ కాలనీలోనే ఉంటే అసోసియేషన్ వాళ్ళని అడిగి తెచ్చుకోండి.

ఆరబెట్టడానికి మన ఎండలే చాలు. జానెడు పొడవు ముక్కలు కోసి, లావువి నిలువుగా చీల్చి, ఇటుకల మీద పేర్చండి, నేల మీద పెడితే చెదలు పడతాయి. పైన రేకు ఉండాలి, పక్కలు గాలికి తెరిచి ఉండాలి, ప్లాస్టిక్ కవర్ చుట్టేస్తే లోపలే చెమ్మ పట్టి కుళ్ళుతుంది. మణికట్టు లావు ముక్కలు ఒక ఎండాకాలంలో తయారవుతాయి, దుంగలకి ఏడాది పట్టొచ్చు, జూన్‌లో వానలు పడేలోపు లోపలికి చేర్చేయండి.

బయట దేశాల్లో ఉండి ఈ పాఠం చదివేవాళ్ళకీ దారి ఇదే. గల్ఫ్‌లో ఉంటే సమర్ కట్టె అడగండి, అది మన తుమ్మ కుటుంబమే. ఆస్ట్రేలియాలో ఐరన్‌బార్క్, రెడ్ గమ్ వాడతారు, అవి నేను వద్దన్న నీలగిరి జాతివే అయినా, గట్టి కట్టె కాబట్టి అక్కడివాళ్ళు వాడతారు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెలో తడి 20 శాతం లోపే ఉండాలని రూల్ ఉంది, రెడీ టు బర్న్ అన్న గుర్తు చూసి కొంటే ఆరబెట్టే పని తప్పుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రం నుంచి కార్లో కట్టెలు వేసుకురాకండి, 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు అలా కట్టెలతో పాటే ఊళ్ళు దాటి యాష్ చెట్లని కోట్లలో చంపేసింది, అందుకే ఎక్కడ కాలుస్తారో అక్కడే కొనమంటారు.

ఈసారి హోంవర్క్: జామ గానీ మామిడి గానీ ఆరు ముక్కలు తెచ్చుకోండి, వంటింటి కాంటాలో తూచి బరువుని సుద్దముక్కతో దాని మీదే రాయండి, వారానికోసారి మళ్ళీ తూచండి, వరసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే అది ఆరినట్టే. ఆ ముక్కల్లోంచే పిడికిలంత సైజువి మూడు తీసి నాలుగో పాఠంలో బొగ్గుల మీద ఎప్పుడు వెయ్యాలో, కోడి తొడ లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా నీలి పొగని ఎలా నిలపాలో చూద్దాం, మాంసం థర్మామీటర్ ఒకటి కొని పెట్టుకోండి.