పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ కార్లు: క్యాలిపర్ కొనే ముందు బ్రేకుల జబ్బేదో తేల్చుకోండి

సమస్య: శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగుతుంటే బ్రేకులు అందడం లేదు.

పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగినట్టు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేసినట్టు. రెండింటిలోనూ క్యాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) తప్పేమీ లేదు. కొత్త డాట్ 4 గ్రేడు బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించి, పైపుల్లో చేరిన ఎయిర్ తీయించండి. షెడ్డులో ఎప్పుడో మూత తీసిన సీసాలోది పోయనివ్వొద్దు. ప్యాడ్లదే లోపమైతే ఎక్కువ వేడి తట్టే రకం వేయించండి. చిన్న గేరులో దిగడం ఎలాగూ తప్పదు.

సమస్య: బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది, ఒక చక్రం మాత్రం కాలిపోతోంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ముందు అనుమానించాల్సింది క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులనే. ఆ చక్రం రెండు ప్యాడ్లూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. లోపలిది రేకు దాకా అరిగి, బయటిది ఇంకా మందంగా ఉంటే పిన్ను జామ్ అయినట్టే. పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాయించండి. బేరింగ్ గ్రీజు తగిలితే పిన్నుల రబ్బరు బూట్లు (తొడుగులు) ఉబ్బిపోతాయి. రెండు ప్యాడ్లూ సమంగా అరిగిపోతుంటే పిస్టన్ వెనక్కి వెళ్లడం లేదేమో చూపించండి.

సమస్య: నాలుగు పిస్టన్ల క్యాలిపర్ వేయించాక పెడల్ లోతుకు పోతోంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలకు ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) తొందరగా కొడుతోంది.

నన్నడిగితే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచి పిస్టన్ల వైశాల్యం పెంచితే, వాటిని కదపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పైగా బ్రేకింగంతా ముందుకే పోయి, వెనక చక్రాలు పని తగ్గించేస్తాయి. అందుకే కొనేముందు లెక్క చూడండి. ఉదాహరణకు, పాత క్యాలిపర్‌లో 54 మిల్లీమీటర్ల ఒంటి పిస్టన్ ఉంటే దాని వైశాల్యం సుమారు 22.9 చదరపు సెంటీమీటర్లు. నాలుగు పిస్టన్ల దాంట్లో ఒక పక్క రెండింటినే లెక్కలోకి తీసుకోవాలి. 38 మిల్లీమీటర్లవైతే 22.7 వస్తుంది, సరిపోతుంది. 42వైతే 27.7, అంటే ఐదో వంతు ఎక్కువ. అది మీ బండికి వద్దు. ఇప్పటికే బిగించేసి ఉంటే, చిన్న పిస్టన్లున్న క్యాలిపర్‌కు మార్చుకోవడమే అసలు మందు.

ఎరుపు రంగు చూసి మోసపోకండి. ఎన్ లైన్‌కు కంపెనీ నుంచి వచ్చే ఎర్ర క్యాలిపర్ కూడా ఒంటి పిస్టన్‌దే. రేసులకు చేసిన క్యాలిపర్లు చాలావాటికి దుమ్ము ఆపే రబ్బరు బూట్లుండవు. ఇసుక, ఉప్పుగాలి ఉన్నచోట రోజూ తిరిగే బండికి బూట్లున్నదే కొనండి. డబ్బు కట్టేముందు క్యాలిపర్ కొలతతో అట్టముక్క కత్తిరించి, రిమ్ము లోపల చువ్వలకు తగలకుండా తిరుగుతుందో లేదో చూసుకోండి.