టీవీని కంప్యూటర్ మానిటర్‌గా వాడుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లున్న చాలా ఇళ్లలో ఒకే దృశ్యం. హాల్లో గోడకున్న 43 అంగుళాల టీవీ సాయంత్రం సీరియళ్ల వేళ దాకా ఖాళీగానే ఉంటుంది. పక్క గదిలో ఒకరు 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీదికి వంగి, ఎక్సెల్ గడుల్లోని అంకెలను కళ్లు చికిలించి చూస్తుంటారు. ఈ రెండింటినీ కలపడానికి ఒక్క కేబుల్ చాలు. అది గుచ్చడం రెండు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. టీవీ తన దగ్గరికి వచ్చిన ప్రతి బొమ్మనూ సినిమా అనుకుంటుంది. అంచులు కత్తిరిస్తుంది, గీతలకు పదును పెడుతుంది, రంగులు దట్టిస్తుంది. అక్షరాలకు ఈ మర్యాదలేవీ పడవు. టీవీ చేత వాటన్నింటినీ మాన్పిస్తేనే అది మానిటర్ అవుతుంది.

ముందు మీ టీవీ ఏ రకమో చూడండి

టీవీ ఎంత పెద్దదన్నది కాదు, అంగుళానికి ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయన్నది ముఖ్యం. ఆఫీసుల్లో కనిపించే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లుంటాయి. 43 అంగుళాల 4కె టీవీలో 102 దాకా ఉంటాయి, అంటే మానిటర్ కంటే మెరుగే. అదే 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో 51. ‘హెచ్‌డీ రెడీ’ అన్న పేరుతో అమ్మే 32 అంగుళాల టీవీల్లో చాలావాటి రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క) 1366×768, అంటే అంగుళానికి 49 పిక్సెళ్లే.

ఈ తేడా ఇంగ్లిషు అక్షరాల్లో అంతగా కనిపించకపోవచ్చు. తెలుగులో వెంటనే బయటపడుతుంది. ఏదైనా తెలుగు వార్తల పేజీ తెరిచి ‘రాష్ట్రం’ అన్న మాట కోసం వెతకండి. ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు, పైన తలకట్టు, పక్కన సున్న, ఇన్నీ చిన్న చోట ఇరుక్కుని ఉంటాయి. మంచి తెర మీద రెండు ఒత్తులూ విడివిడిగా కనిపిస్తాయి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి దగ్గరగా కూర్చుంటే అక్కడ ఒక నల్లని ముద్ద తప్ప మరేమీ ఉండదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే ప్రతి మార్పు చేశాక దాని వంక ఒకసారి చూస్తే ఆ మార్పు పనిచేసిందో లేదో తెలిసిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రోజూ ఎనిమిది గంటలు చదివి, రాసే పనికి 40 నుంచి 43 అంగుళాల 4కె టీవీ బాగుంటుంది. 55 అంగుళాలది దూరంగా కూర్చునేవారికి సరే, బల్ల మీద పెట్టుకుంటే మెడ అటూ ఇటూ తిప్పలేక అలసిపోతారు. హెచ్‌డీ రెడీ టీవీ ఆన్‌లైన్ క్లాసులకు, వీడియో కాల్స్‌కు, అప్పుడప్పుడు ఫొటోలు చూసుకోవడానికి చాలు. దాని మీద ఉద్యోగం చేయాలనుకోకండి.

కేబుల్ ఎంచుకోవడం

ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. 4కె తెరకైతే ‘ప్రీమియం హై స్పీడ్’ అని రాసి ఉన్నది తీసుకోండి, రెండు మూడు మీటర్లకు మించి పొడవు వద్దు. బంగారు పూత, పేరున్న కంపెనీ అంటూ ఎక్కువ ధర చెబితే పట్టించుకోనక్కర్లేదు.

యూఎస్‌బీ-సీ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లతోనే చిక్కు. చూడటానికి అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ ఒకేలా ఉంటాయి గానీ, అన్నింటి నుంచీ బొమ్మ రాదు. పోర్టు పక్కన బాణం మొనతో ఉన్న మెరుపు గుర్తు (థండర్‌బోల్ట్) గానీ, డిస్‌ప్లేపోర్ట్ (బొమ్మ పంపే మరో రకం పోర్టు) గుర్తు గానీ ఉంటే ధైర్యంగా అడాప్టర్ కొనవచ్చు. ఏ గుర్తూ లేకపోతే ముందు ఆ మోడల్ వివరాల్లో వీడియో అవుట్‌పుట్ ఉందేమో చూసుకోండి. అడాప్టర్ పెట్టె మీద ‘4కె 60 హెర్ట్జ్’ అని ఉండాలి. ఉత్త ‘4కె’ అని మాత్రమే ఉంటే అది 30 హెర్ట్జ్‌ది కావడానికే అవకాశం ఎక్కువ. సెకనుకు 30 సార్లు మాత్రమే బొమ్మ మారితే సినిమాకు ఫర్వాలేదు. మౌస్ కదిపినప్పుడు మాత్రం బాణం గుర్తు తడబడుతూ వెనకే వస్తుంది, గంటలో విసుగు పుడుతుంది.

పాత కంప్యూటర్‌కు నీలం రంగు వీజీఏ పోర్టు మాత్రమే ఉందా? దానికి కన్వర్టర్ కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ ఇలాంటివి వెతకవచ్చు. అయితే అడిగేటప్పుడు ‘వీజీఏ-హెచ్‌డీఎంఐ కన్వర్టర్’ అని ఊరుకోకండి. ‘కంప్యూటర్ వైపు వీజీఏ, టీవీ వైపు హెచ్‌డీఎంఐ’ అని విడమరిచి చెప్పండి. ఇవి ఒకవైపే పనిచేస్తాయి, తిరగేసి పెడితే ఏమీ రాదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుళ్లదీ ఇదే కథ. వీజీఏలో శబ్దం రాదు కాబట్టి కన్వర్టర్‌కు ఆడియో పిన్ను ఉందో లేదో కూడా చూసి తీసుకోండి.

వైర్ లేకుండా కలపడం కుదరదా అంటే, కుదురుతుంది. విండోస్‌లో విండోస్ మీట, కె మీట కలిపి నొక్కితే దగ్గరలోని స్మార్ట్ టీవీల పేర్లు వస్తాయి. మ్యాక్ అయితే ఎయిర్‌ప్లే ఉన్న టీవీకి బొమ్మ పంపవచ్చు. సినిమా చూడటానికి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పెళ్లి ఫొటోలు చూపించడానికి ఇది హాయి. టైప్ చేసే పనికి పనికిరాదు. మీట నొక్కిన తర్వాత అక్షరం తీరిగ్గా వస్తుంది.

కలిపేటప్పుడు

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. పాత అపార్ట్‌మెంట్లలో, అద్దె గదుల్లో ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులు కొత్తేమీ కాదు. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు అంచును తాకితే వేళ్లకు సన్నగా జివ్వుమంటోందంటే కారణం అదే కావచ్చు. అలాంటి ఇంట్లో రెండు పరికరాలూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. బయటి డిష్ నుంచో, కేబుల్ నెట్‌వర్క్ నుంచో వచ్చే వైర్ టీవీ దాకా ఉంటే ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ.

అందుకని టీవీ స్విచ్ గోడ దగ్గరే ఆపండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి. కేబుల్ రెండు చివరలూ పెట్టాక టీవీ ఆన్ చేయండి, చివర్లో ఛార్జర్ పెట్టండి. రెండింటికీ కరెంటు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి, మూడు పిన్నుల ప్లగ్గుతో ఇస్తే ఇంకా మంచిది. ఎండాకాలం సాయంత్రాల్లో గాలివాన మొదలై ఉరుములు వినిపిస్తే ప్లగ్గులు పీకేయండి. వర్షం వెలిశాక పని చేసుకోవచ్చు.

టీవీ వెనక పోర్టుల్లో సెట్‌టాప్ బాక్స్ ఉన్నదాన్ని కదపకండి, వేరేది వాడండి. ఒక పోర్టు దగ్గర ‘ఏఆర్‌సీ’ అని ఉంటే అది సౌండ్‌బార్ కోసం, వేరే పోర్టు ఖాళీగా ఉంటే దాన్ని వదిలేయండి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు కాదు. బొమ్మ రావడం లేదని కంగారుపడేవారిలో కొందరి సమస్య ఇంతే.

కంప్యూటర్‌లో చేయాల్సినవి

టీవీ రిమోట్‌తో సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకుని, కీబోర్డు మీద విండోస్ మీట, పి మీట కలిపి నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి. ల్యాప్‌టాప్ తెర, టీవీ రెండూ వేర్వేరుగా కావాలంటే ‘ఎక్స్‌టెండ్’, టీవీ ఒక్కటే కావాలంటే ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి. ‘డూప్లికేట్’ మాత్రం వద్దు. రెండు తెరలకూ సరిపోయే రిజల్యూషన్ కోసం కంప్యూటర్ రాజీ పడుతుంది, టీవీ మీద అక్షరాలు మసకబారతాయి.

తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీ బొమ్మ మీద క్లిక్ చేసి మూడు చూడండి. రిజల్యూషన్ టీవీ సొంతదే అయ్యుండాలి. 4కె టీవీకి 3840×2160, ఫుల్ హెచ్‌డీకి 1920×1080. హెచ్‌డీ రెడీ టీవీ 1920×1080 సిగ్నల్‌ను కూడా తీసుకుంటుంది గానీ లోపల దాన్ని కుదించి చూపిస్తుంది. జాబితాలో 1366×768 గానీ 1360×768 గానీ ఉంటే అదే పెట్టండి. రెండోది స్కేల్, అంటే అక్షరాలు, ఐకాన్లు ఎంత పెద్దగా కనిపించాలన్నది. పెద్ద 4కె టీవీని చూడగానే విండోస్ తరచూ 300 శాతం పెట్టేస్తుంది, ఎందుకంటే మీరు సోఫాలో దూరంగా కూర్చున్నారనుకుంటుంది. బల్ల దగ్గర కూర్చుంటే 100 నుంచి 150 మధ్యలో సరిపోతుంది. మూడోది అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్నది), 60 హెర్ట్జ్ ఉండాలి. 30 మాత్రమే చూపిస్తే కేబుల్, అడాప్టర్, ల్యాప్‌టాప్ పోర్టు, టీవీ పోర్టు, ఈ నాలుగింటిలో ఒకటి పాతదై ఉండవచ్చు. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకు 4కెలో 30 హెర్ట్జే గరిష్ఠం, 60 రావాలంటే 2.0 కావాలి.

శబ్దం ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి. మీటింగుల్లో మాత్రం ఇయర్‌ఫోన్లే మేలు. టీవీ స్పీకర్ల మాట ల్యాప్‌టాప్ మైకులోకి వెళ్లి అవతలివాళ్లకు తిరిగి వినిపిస్తుంది.

టీవీని దారికి తెచ్చుకోవడం

టాస్క్‌బార్ సగమే కనిపిస్తోందా, మూలల్లో ఐకాన్లు తెగిపోయాయా? దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. గొట్టం టీవీల రోజుల్లో బొమ్మ అంచుల్లోని లోపాలు కనిపించకుండా దాచడానికి మొదలైన అలవాటు, ఎల్‌ఈడీ టీవీలు వచ్చినా పోలేదు. బొమ్మ కొలతల మెనూలో ఎల్‌జీ అయితే ‘జస్ట్ స్కాన్’, శామ్‌సంగ్ అయితే ‘ఫిట్ టు స్క్రీన్’, మిగతావాటిలో ‘ఫుల్ పిక్సెల్’, ‘1:1’ వంటి పేర్లుంటాయి. కంప్యూటర్‌లో రిజల్యూషన్ తగ్గించి అంచులు సరిచేయాలని చూడకండి, అక్షరాలు పాడవుతాయి.

ఇప్పుడు అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చే చిట్కా. మీరు వాడే హెచ్‌డీఎంఐ పోర్టు గుర్తును, లేదా పేరును టీవీలో ‘పీసీ’గా మార్చండి. ఎల్‌జీ, శామ్‌సంగ్ టీవీల్లో చాలావాటిలో ఈ సదుపాయం ఉంది. ఇది ఉత్త పేరు మార్పు కాదు. వీడియోలో స్థలం ఆదా కోసం పక్కపక్క చుక్కలకు రంగును ఉమ్మడిగా పంచే పద్ధతి ఒకటుంది. ముఖాలకు, కొండలకు అది సరిపోతుంది, సన్నని రంగు అక్షరాలను మాత్రం చెరిపేస్తుంది. పీసీ అనగానే టీవీ ప్రతి చుక్కకూ దాని రంగు అది ఇస్తుంది. నీలం నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు రాసి చూడండి, మార్చకముందు అంచులు అలుక్కుపోయినట్టుంటాయి, మార్చాక తేటపడతాయి. 4కె టీవీల్లో దీనితో పాటు ఆ పోర్టుకు పూర్తి వేగం కూడా ఇవ్వాలి. ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’ అనే పేర్లతో ఉంటుంది.

పీసీ ఎంపిక లేని టీవీలో ‘గేమ్ మోడ్’ పెట్టండి. మౌస్ ఆలస్యం దీంతో చాలావరకు పోతుంది.

షార్ప్‌నెస్ సంగతి వేరే చెప్పాలి. బూడిద రంగు నేపథ్యం మీద నల్లగా ‘రాష్ట్రం’ అని పెద్దగా రాసి టీవీకి అడుగు దూరంలో నిలబడండి. అక్షరం చుట్టూ సన్నని తెల్లని గీత కనిపిస్తే టీవీ పదును పెడుతోందని అర్థం. షార్ప్‌నెస్ తగ్గించుకుంటూ పోండి. ఆ గీత మాయమైన చోట ఆగాలి. చాలా టీవీల్లో అది సున్నా, సోనీలో 50 దగ్గర. మొదట అక్షరం మెత్తబడినట్టు అనిపిస్తుంది. ఒక పూట చదివితే కంటికి అదే సుఖంగా ఉందని తెలుస్తుంది.

నలుపు బూడిదలా వెలిసిపోయినా, నీడలన్నీ నల్లగా కలిసిపోయినా గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రంగుల పరిధి ‘ఫుల్’ అని, టీవీలో బ్లాక్ లెవెల్ ‘లిమిటెడ్’ అని, లేదా దానికి తిరగబడి ఉన్నట్టు. రెండింటినీ ఒకేలా పెట్టండి. నాయిస్ రిడక్షన్, కదలికలను నున్నగా చేసే సదుపాయం, విద్యుత్ ఆదా పేరుతో వెలుగు తనంతట తాను మార్చేది, మూడూ ఆపేయండి. వెలుగు తగ్గించడానికి చాలా టీవీల్లో ‘బ్యాక్‌లైట్’ సెట్టింగ్ వాడాలి. అలాంటివాటిలో ‘బ్రైట్‌నెస్’ తగ్గిస్తే నీడల్లోని వివరాలు పోతాయి. షోరూములో మెరిసేలా పెట్టిన వెలుగు మూడడుగుల దూరంలో కళ్లు మండిస్తుంది, సగానికి దించినా తప్పులేదు.

ఈ మార్పులన్నీ చాలా టీవీల్లో ఆ ఒక్క పోర్టుకే వర్తిస్తాయి. సెట్‌టాప్ బాక్స్ ఉన్న పోర్టులో సీరియల్ రంగులు ఎప్పటిలాగే ఉంటాయి కాబట్టి ఇంట్లో పంచాయితీ రాదు. సాయంత్రం ఏడు దాటాక టీవీ ఎవరిదన్నది మాత్రం సెట్టింగ్స్‌లో తేలే విషయం కాదు.

కూర్చునే తీరు

గోడకు నిలువెత్తున బిగించిన టీవీని చూస్తూ రోజంతా పనిచేస్తే మెడ పట్టేస్తుంది. వీలైతే స్టాండుతో బల్ల మీదికి దించండి. తెర పై అంచు కంటికి ఎదురుగా గానీ, కాస్త కిందికి గానీ ఉండాలి. 43 అంగుళాలకు మూడడుగుల నుంచి నాలుగడుగుల దూరం బాగుంటుంది. బాల్కనీ తలుపుకు ఎదురుగా తెర పెట్టకండి, మధ్యాహ్నం ఎండలో బట్టల తీగ తప్ప మరేమీ కనిపించదు.

ల్యాప్‌టాప్ మూత మూసి విడి కీబోర్డు, మౌస్‌తో పనిచేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ‘డూ నథింగ్’ అని, ఛార్జర్ పెట్టి ఉన్నప్పటికి మాత్రం పెట్టుకోండి. బ్యాటరీకి కూడా అదే పెడితే ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ బ్యాగులో వేడెక్కిపోతుంది. మీ టీవీ ఓఎల్ఈడీ అయితే టాస్క్‌బార్ దానంతట అది దాక్కునేలా చేసి, నల్లని నేపథ్యం పెట్టి, తెర అయిదు నిమిషాల్లో ఆరిపోయేలా చూడండి. కదలని బొమ్మ ఆ తెరల మీద నెలల తరబడి నిలిస్తే మచ్చ పడుతుంది. కంప్యూటర్ నిద్రపోయినా టీవీ మామూలుగా దానితో పాటు ఆరిపోదు, ‘నో సిగ్నల్’ అని చూపిస్తూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని రిమోట్‌తో మీరే ఆపాలి.