తెల్లవారుజామున ఆగిపోయిన ఆక్సిజన్ రీడింగులు

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సార్ పెట్టించాం. అది 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండులో లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే) రేడియోతో ఇంటిమీది గేట్‌వేకి, అంటే ఆ సిగ్నల్ అందుకుని నెట్‌కి ఎక్కించే పెట్టెకి, కొలతలు పంపుతుంది. అక్కడి నుంచి నెట్ ద్వారా ఫోనుకి వస్తాయి.

పగలంతా బాగానే వచ్చేవి, తెల్లవారుజామున మాత్రం ఆగిపోయేవి. అసలు టెన్షన్ ఆ వేళే. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు. నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. సూర్యోదయానికి ముందు అది బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకు ప్రమాదం.

అందరూ సిగ్నల్ సమస్య అన్నారు. సెన్సార్ సోలార్‌తో ఛార్జయ్యే బ్యాటరీ మీద నడుస్తుంది. నేను ప్రతి రీడింగుతో పాటు ఆ బ్యాటరీ వోల్టేజీ కూడా పంపేలా సెట్ చేయించాను. అప్పుడు తెలిసింది: రాత్రి గడిచేకొద్దీ వోల్టేజీ జారుతోంది, పంపే క్షణంలో కరెంటు ఎక్కువ లాగడంతో సెన్సార్ బోర్డు రీసెట్ అవుతోంది.

యాంటెన్నా గట్టు కిందుగా ఉండటంతో దూరం అందాలని స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (నెమ్మదిగా పంపి ఎక్కువ దూరం చేర్చే లోరా సెట్టింగు) 12లో పెట్టారు. ఇది ఒక్కో మెట్టు పెరిగితే పంపే సమయం దాదాపు రెట్టింపవుతుంది, బ్యాటరీ ఖర్చూ అంతే. యాంటెన్నాని పొడవైన పైపు మీద ఏరేటర్లకంటే (నీటిలో గాలి కలిపే యంత్రాలకంటే) ఎత్తుగా బిగించి, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ని 9కి తగ్గించాం. సోలార్ పలక మీద పేరుకున్న ఉప్పు తుడిచాం. సముద్రపు గాలి తగిలే చోట ఇది తరచూ చేయాల్సిన పనే.

ఇప్పుడు రాత్రంతా పది నిమిషాలకొక రీడింగు వస్తోంది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు వోల్టేజీ కూడా పంపమని మొదటే అడగండి.