మౌంటెన్ బైకుకు వెనుక క్యారియర్ బిగించే ముందు

డిస్క్ బ్రేకులున్న మౌంటెన్ బైకుకు క్యారియర్ కొనే ముందు, వెనుక ఇరుసు దగ్గర ఫ్రేముకు బోల్టు బిగించే మరలున్న రంధ్రాలు ఉన్నాయో లేదో, బ్రేకు క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) క్యారియర్ కాలికి అడ్డు తగులుతుందో లేదో తప్పక చూసుకోవాలి. అడ్డు తగిలితే లోహపు స్పేసరు (ఎడం కోసం మధ్యలో పెట్టే చిన్న ముక్క) పెట్టి, ఆ మేరకు పొడవైన ఎం5 (5 మి.మీ. వ్యాసం) బోల్టు వాడవచ్చు. అయితే స్పేసరు మందం పెరిగే కొద్దీ బోల్టును వంచే ఒత్తిడి కూడా పెరుగుతుంది కనుక, డిస్క్ బ్రేకుల కోసమే కాళ్లు ఎడంగా తయారుచేసిన క్యారియర్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఫ్రేము పైభాగాన, సీటు దగ్గర రంధ్రాలు లేకపోతే, రంధ్రాలతో వచ్చే సీటు క్లాంపు (సీటు కడ్డీని బిగించే పట్టీ) సరిపోతుంది. గేర్ల వైపు బోల్టు కొన లోపలికి పొడుచుకు వచ్చి, అతి చిన్న పళ్లచక్రం మీదున్న గొలుసుకు తగలకూడదు. బోల్టు మరలకు నీలిరంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, మొదటి ప్రయాణం తర్వాత బిగువు మరోసారి సరిచూడండి.