బంగారం కొనే విద్య - 5వ పాఠం: తగ్గింపు ధర కాయిన్

గత పాఠంలో ముద్రలు చదవడం నేర్చుకున్నాం. 916 అంటే 22 క్యారెట్లు, 999 అంటే 24 క్యారెట్ల మేలిమి. ఇంట్లో ఉన్న ఏదో ఒక నగ మీది హెచ్‌యూఐడీని, అంటే ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు నంబరును, ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడమన్నాను, చూసే ఉంటారు. ఈసారి కాయిన్ చేతికి రాకముందే, ధర వినగానే సగం విషయం తేల్చుకోవడం ఎలాగో చూద్దాం. కాగితం, పెన్ను, ఆ రోజు రేటు ఉంటే చాలు.

ఏ తగ్గింపు కనిపించినా మొదట అడగాల్సింది ఒకటే: ఈ డబ్బు ఎవరి జేబులోంచి పోతోంది? చీర మీద సగం ధర తగ్గించినా కొట్టువాడికి ఏదో మిగలవచ్చు. బంగారం కాయిన్ అలా కాదు. దాని రేటు ఊరందరికీ తెలుసు, అమ్మేవాడూ దాదాపు ఆ రేటుకే కొనుక్కోవాలి. అతని చేతిలో ఉండేది మజూరీ, కొంచెం లాభం. అంతకు మించి తగ్గిస్తున్నాడంటే మిగతాది ఇంకెవరో భరిస్తూ ఉండాలి.

లెక్క వేద్దాం. సులువుగా ఉండాలని గ్రాము మేలిమి ధర 10,000 అనుకోండి. 10 గ్రాముల 24 క్యారెట్ల కాయిన్‌లో లోహం విలువ 1,00,000. మజూరీ 3 శాతం అనుకుంటే 3,000. ఈ 1,03,000 మీద జీఎస్టీ 3 శాతం, అంటే 3,090. మొత్తం 1,06,090. ఇప్పుడు మజూరీ తీసేసి లోహం, దాని మీద జీఎస్టీ మాత్రమే కలపండి: 1,03,000. దీన్ని ‘అడుగు ధర’ అందాం. ఈ పాఠమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

అడిగిన ధర అడుగు ధరకు కాస్త పైన ఉంటే, కొట్టువాడు మజూరీలో కొంత వదులుకున్నాడని అర్థం. పండగ రోజుల్లో ఇది మామూలే. అడుగు ధర కంటే కొంచెం కిందికి వస్తే, ఆ తేడా భరించేది ఎవరో పేరు తెలియాలి. ఉదాహరణకు క్రెడిట్ కార్డు ఆఫర్. ‘10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 1,500’ అని ఉంటే లక్ష కొనుగోలు మీద మీకు దక్కేది 1.5 శాతమే. దాన్ని బ్యాంకో, అమ్మకాల సైటో ప్రచారం ఖర్చు కింద రాసుకుంటుంది. జవాబు దొరికింది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. 20, 30 శాతం కిందికి వచ్చిందంటే మాత్రం అక్కడే ఆగండి.

అప్పుడు వినిపించే కథ ఒకటుంది: ‘దుబాయ్ నుంచి వచ్చింది అన్నా, డ్యూటీ కట్టలేదు.’ అదీ లెక్కకు నిలవదు. బంగారం మీద దిగుమతి సుంకాన్ని 2024 జులైలో 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. 15 శాతం ఉన్న రోజుల్లో సుంకం, జీఎస్టీ రెండూ పూర్తిగా ఎగ్గొట్టినా 30 శాతం తగ్గింపు రాదు. పైగా దొంగ బంగారమే అనుకుందాం, అసలు లోహమైతే గంటలో మార్కెట్ రేటుకు దగ్గరగా అమ్ముకోవచ్చు. ముక్కూ మొహం తెలియని మీకు లక్షకు ముప్పై వేలు వదులుకుని ఎందుకిస్తాడు?

‘బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుంది బాబాయ్’ అనేది ఇంకో రకం. ఇది నిజంగానే 3 శాతం తగ్గింపు. కాకపోతే రేపు 999 అన్నది 916 అని తేలితే, ఎక్కడ కొన్నారో చూపించడానికి మీ దగ్గర ముక్క కాగితం ఉండదు. ఈ బేరం చేసేవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం చేయను.

ఇక అబద్ధం ఒక్కటీ లేకుండా తప్పుదారి పట్టించే ఆఫర్లు. చీటీ మీద 1,18,000 వేసి, 10 శాతం తగ్గించి 1,06,200కి ఇస్తారు. పైన మనం వేసిన మామూలు ధర 1,06,090. చీటీ ధరతో మనకు పనే లేదు.

కాసుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. మన వాడుకలో కాసు అంటే 8 గ్రాములు, ఎక్కువగా 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.328 గ్రాములు, మన లెక్క ప్రకారం 73,280. జీఎస్టీ కలిపితే అడుగు ధర 75,478. ప్రకటనలో ‘మార్కెట్లో 82,400, మా దగ్గర 77,500’ అని ఉంటుంది. ఆ 82,400 దేనిదీ? 24 క్యారెట్ల 8 గ్రాములకు జీఎస్టీ కలిపిన ధర. 22 క్యారెట్ల సరుకును 24 క్యారెట్ల ధర పక్కన నిలబెట్టారంతే. మోసం అనలేం, తగ్గింపూ అనలేం.

ధర అడుగు ధరకు పైనే ఉంది, సరే. ఇప్పుడు వస్తువు. నగలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ తప్పనిసరి. కానీ హాల్‌మార్కింగ్‌ను (స్వచ్ఛత పరీక్షించి ముద్ర వేయడాన్ని) తప్పనిసరి చేసిన 2020 నాటి ఉత్తర్వులో కడ్డీలకు, కాయిన్లకు మినహాయింపు ఇచ్చారు. అందుకే కొట్టు సొంత ముద్రతోనే ఉన్న కాయిన్ కనబడితే అది నకిలీ అనుకోనక్కర్లేదు. అక్కడ బిల్లే మీ ఆధారం. బరువు, 999 లేదా 916, ఆ రోజు రేటు, మజూరీ, జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. హెచ్‌యూఐడీ ఉంటే యాప్‌లో నంబరు దొరికిందని సంబరపడొద్దు. యాప్ చూపించే వస్తువు రకం, స్వచ్ఛత మీ చేతిలో ఉన్నదానితో సరిపోవాలి. యాప్‌లో ‘ఉంగరం’ అని వచ్చి చేతిలో కాయిన్ ఉంటే, ఆ నంబరు వేరే వస్తువు మీద నుంచి ఎత్తినది.

అయస్కాంతం పరీక్షను నమ్మకండి. రాగి, ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటుకోవు. సాంద్రత కాస్త నయం: బంగారానికి 19.3, రాగికి సుమారు 9. కానీ టంగ్‌స్టన్‌ది 19.25, దానికి బంగారు పూత వేస్తే ఆ పరీక్షా తప్పుతుంది. క్యారెట్ మీటర్ (స్వచ్ఛత చూపించే యంత్రం) చూసేది పైపొరనే కాబట్టి మందమైన పూత దాన్నీ మోసం చేయగలదు. పెద్ద కాయిన్ మీద అనుమానం వస్తే హాల్‌మార్కింగ్ కేంద్రానికే తీసుకెళ్లాలి.

లంకెబిందెల సంగతి చెప్పకుండా ఈ పాఠం ముగియదు. ఇల్లు తవ్వుతుంటే కాసులు దొరికాయంటారు. మొదట ఒకటి ఇస్తారు. మీ కంసాలి గీటురాయి మీద గీసి అసలైనదే అంటాడు. తర్వాత లక్షలు పోసి తెచ్చుకున్న మూటంతా ఇత్తడి. ఇక్కడ కంసాలి తప్పు లేదు. పరీక్షకు ఏ కాసు వెళ్లాలో నిర్ణయించింది అమ్మేవాడు, చిక్కంతా అక్కడుంది. మూటలోంచి మీరు తీసిందే పరీక్షకు వెళ్లాలి. నిజంగా దొరికిన నిధే అయినా, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి, గుట్టుగా అమ్ముకోకూడదు.

కొనేముందు ఇంకొక్క మాట అడగండి: ‘ఇదే కాయిన్ తిరిగి తెస్తే ఎంత కోస్తారు?’ బ్యాంకులు అమ్మిన కాయిన్లను తిరిగి కొనవు. కొట్టువాడైతే జవాబు బిల్లు వెనక రాసివ్వమనండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బిల్లున్న కొనుగోలులో తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి.

ఈ వారం అభ్యాసం. గ్రాము మేలిమి 10,000 అనే లెక్కతోనే, ప్రతిదానికీ అడుగు ధర కట్టి, తేడా ఎవరు భరిస్తున్నారో రాయండి.

అ) 5 గ్రాముల 999 కాయిన్, చీటీ ధర 58,000, మీద 9 శాతం తగ్గింపు. జీఎస్టీ అందులోనే.

ఆ) 4 గ్రాముల 916 అరకాసు, ‘41,200 విలువైనది 38,500కే’. జీఎస్టీ కలిపి.

ఇ) 20 గ్రాముల 999 కాయిన్ 1,90,000. సగం ఇప్పుడే ఫోన్‌పే చేయాలి, బిల్లు తర్వాత పంపుతారట.

జవాబులు 6వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠం పాత బంగారం మార్పిడి మీద, కాబట్టి ఇంట్లో పాత బిల్లులుంటే వెతికి పక్కన పెట్టుకోండి.