పాస్‌పోర్ట్ లేకుండా గుర్తింపు కార్డుతో యూరప్‌లో ప్రయాణం

యూరోపియన్ యూనియన్, ఐస్‌లాండ్, నార్వే, లిక్టెన్‌స్టయిన్, స్విట్జర్లాండ్ పౌరులు ఈ దేశాల మధ్య తిరగడానికి సొంత దేశం ఇచ్చిన జాతీయ గుర్తింపు కార్డు చాలు. ఇది పౌరసత్వంతో వచ్చే హక్కు, నివాసంతో వచ్చేది కాదు. జర్మనీలో ఎన్నేళ్లుగా ఉంటున్నా, మీ దగ్గరున్నది రెసిడెన్స్ పర్మిటే అయితే దానితోపాటు పాస్‌పోర్ట్ కూడా ఉండాల్సిందే. భార్యాభర్తల్లో ఒకరికే పౌరసత్వం ఉంటే రెండోవారు పాస్‌పోర్ట్ మర్చిపోకూడదు. పిల్లలకు ఎవరి కార్డు వారికే ఉండాలి. డ్రైవింగ్ లైసెన్స్ ప్రయాణ పత్రం కాదు.

టికెట్ కొనేముందు కార్డును రెండువైపులా చూడండి. ఇటలీ కార్డు మీద ‘నాన్ వాలిదా పెర్ లెస్పాత్రియో’ అని ఉంటే దానితో దేశం దాటలేరు. ఇటలీ పాత కాగితపు కార్డుల చెల్లుబాటు 2026 ఆగస్టు 3తో సరి, కార్డు మీద ఆపై తేదీ ఉన్నా సరే. ఫ్రాన్స్‌ది ఇంకో చిక్కు. 2004–2013 మధ్య పెద్దలకిచ్చిన కార్డుల గడువును మరో 5 ఏళ్లు పెంచారు గానీ, ఆ మాట కార్డు మీద ఉండదు. పరాయి దేశపు అధికారికి కనిపించేది గడువు తీరిన కార్డే. అలాంటిదుంటే కొత్తది తీసుకోవడమే మేలు. డెన్మార్క్ ప్రయాణానికి పనికొచ్చే కార్డు ఇవ్వదు. ఐర్లండ్‌వాళ్లు పాస్‌పోర్ట్ కార్డు వాడతారు.

చెక్-ఇన్‌లో మీరు వెంట తీసుకెళ్లే పత్రం నంబరే ఇవ్వండి. జర్మన్ కార్డు నంబరులో ‘ఓ’ అక్షరం ఉండదు, అలా కనిపించేది సున్నా. షెంగెన్ ఒప్పందంలోని యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు మామూలుగా ఉండవు కదా అని కార్డు ఇంట్లో వదిలేయకండి. కొన్ని దేశాలు తాత్కాలికంగా తనిఖీలు పెడుతుంటాయి.

ఎక్కువమంది ఇరుక్కునేది బ్రిటన్ దగ్గర. 2021 అక్టోబరు 1 నుంచి అక్కడ ఈ కార్డులు చెల్లవు, సెటిల్డ్ స్టేటస్ (బ్రిటన్‌లో స్థిరంగా ఉండే హక్కు) లాంటివి ఉన్నవారికి తప్ప. మిగతావారికి, ఐర్లండ్ పౌరులకు తప్ప, పాస్‌పోర్ట్‌తోపాటు ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి కూడా కావాలి. ప్యారిస్‌లో యూరోస్టార్ ఎక్కేముందే బ్రిటన్ అధికారులు చూస్తారు. డబ్లిన్ దాకా కార్డుతో వెళ్లి, అక్కణ్నుంచి బస్సులో బ్రిటన్‌ కిందికి వచ్చే ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పోవడం ఇంకా ప్రమాదం. దారిలో గేటేమీ ఉండదు, కానీ చట్టప్రకారం మీరు బ్రిటన్‌లోకి పాస్‌పోర్ట్ లేకుండా వచ్చినట్టే. అల్బేనియా, సెర్బియా, మాంటెనెగ్రో కార్డును ఒప్పుకుంటాయి. టర్కీ మాత్రం కొన్ని దేశాల కార్డులనే ఒప్పుకుంటుంది.

కార్డు పోయిందని ఫిర్యాదు చేశాక అది మళ్లీ దొరికితే, దానితో ప్రయాణించకండి. ఆ నంబరు షెంగెన్ సమాచార వ్యవస్థలోకి వెళ్లి ఉంటుంది. సరిహద్దులో స్కాన్ చేయగానే కార్డు తీసేసుకుంటారు.