డాట్ ఇన్, డాట్ కామ్ పేరు మీరే రిజిస్టర్ చేసుకునే విధానం: ఎక్కడ ఎంత కట్టాలి, ఎక్కడ అస్సలు కట్టక్కర్లేదు

విజయవాడ, గుంటూరుల్లో షాపు నడిపేవాళ్లు చాలామంది వెబ్‌సైట్ అనుకోగానే ముందు వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాడికి ఫోన్ చేస్తారు, పేరు సంగతి కూడా అతనే చూసుకుంటాడులే అని వదిలేస్తారు. డబ్బు పోయేది అక్కడే, ఒక్కోసారి పేరు కూడా అక్కడే పోతుంది. డొమైన్ పేరు, అంటే డాట్ ఇన్, డాట్ కామ్‌తో ముగిసే వెబ్‌సైట్ అడ్రసు, తీసుకోవడం కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లో కట్టుకున్నంత తేలిక, ఎవరి సాయమూ అక్కర్లేదు. మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు, యూపీఐ లేదా కార్డు, ఆధార్ లేదా పాన్ దగ్గర పెట్టుకోండి. సంస్థ పేరు మీద తీసుకుంటుంటే జీఎస్టీ సర్టిఫికెట్ కూడా పక్కన ఉంచుకోండి.

ముందు ఎవరి దగ్గర ఏముందో తెలియాలి. డాట్ ఇన్ మన దేశానిది, దాన్ని నడిపేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద 2003లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ అది, 2005 నుంచి డాట్ ఇన్ పేర్లు అందరికీ ఇస్తోంది. అయితే నిక్సీ మనకు నేరుగా అమ్మదు, తాను గుర్తింపు ఇచ్చిన రిజిస్ట్రార్లు, అంటే పేర్లు అమ్మే కంపెనీల ద్వారానే ఇస్తుంది. ఆ రిజిస్ట్రార్ల జాబితా రిజిస్ట్రీ డాట్ ఇన్ అనే సైట్‌లో ఉంటుంది, మీకు ఎవరైనా పేరు అమ్మబోతే ఆ జాబితాలో ఉన్నారో లేదో చూడండి, లేకపోతే ఆయన మధ్యవర్తి అన్నమాట. డాట్ కామ్ అమెరికాలోని వెరిసైన్ కంపెనీది, నిబంధనలు పెట్టేది ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ. పేర్లను ఇలా మూలం దగ్గర నడిపే నిక్సీ, వెరిసైన్ లాంటివాటిని రిజిస్ట్రీ అంటారు.

కాలేజీ, స్కూలు నడిపేవాళ్లు మామూలు పేరు కొనే ముందు ఎర్నెట్ ఇండియా వాళ్లు ఇచ్చే ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ చూడండి. అవి విద్యాసంస్థలకే ఇస్తారు, కాగితాలు పెట్టాలి, కానీ ఆ పేరు చూస్తే తల్లిదండ్రులకు కలిగే నమ్మకం వేరు.

ఇక అసలు ధర. వెరిసైన్ ఒక్కో డాట్ కామ్ పేరుకి రిజిస్ట్రార్ దగ్గర తీసుకునే మొత్తాన్ని 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లు చేసింది. దాని మీద ఐకాన్ ఫీజు కొద్దిగా, మనకి 18 శాతం జీఎస్టీ. అంటే ఎంత తక్కువకి అమ్మేవాడికైనా ఒక పేరు మీద ఏడాదికి దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు పడుతుంది. మరి 99 రూపాయలకే డాట్ కామ్ అని ప్రకటన ఇచ్చేవాళ్లు ఆ తేడా ఎలా పూడ్చుకుంటారు? రెండో ఏడాది రెన్యూవల్‌లో పూడ్చుకుంటారు, లేదంటే కార్ట్‌లో అదనంగా అంటగట్టే వాటిలో. అందుకే మొదటి ఏడాది ధర అసలు చూడొద్దు, రెన్యూవల్ ధర ఎంతో చూడండి, ఐదేళ్లకి మొత్తం ఎంతవుతుందో లెక్క వేసుకుని నలుగురు రిజిస్ట్రార్లను పోల్చండి. రెన్యూవల్ ధర కనిపించేలా పెట్టని సైట్‌ని నేనైతే నమ్మను.

పేరు ఎంచుకోవడం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే మన పేర్లకి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క స్పెల్లింగ్ ఉండదు. శ్రీ అనే ఒక్క అక్షరాన్ని ఒకరు ఎస్ఆర్ఐ అని, ఇంకొకరు చివర రెండు ఈలు పెట్టి, మరొకరు మధ్యలో హెచ్ చేర్చి రాస్తారు. లక్ష్మిలో కేఎస్‌హెచ్ పెట్టేవాళ్లు ఉన్నారు, ఎక్స్ పెట్టేవాళ్లు ఉన్నారు. శ్రీలక్ష్మి అనే పేరుతో ఊరగాయల షాపు పెట్టి అదే పేరు డొమైన్‌గా తీసుకుంటే, కస్టమర్ టైప్ చేసేది సగం సార్లు వేరే వాళ్ల సైట్‌కి వెళ్తుంది, లేదా మీరే నాలుగు స్పెల్లింగులూ కొని ఏటా నలభై అయిదు వందలో అయిదు వేలో కట్టాలి. ఊరి పేరు కలుపుకుంటే కొంత నయం. గుంటూరు అంటే అందరూ ఒకేలా ఆరు అక్షరాల్లో రాస్తారు, చిన్నది, దేశమంతా తెలిసింది, కారానికీ పచ్చళ్లకీ అంతకన్నా మంచి మాట లేదు. విజయవాడ పది అక్షరాలు, ఎక్కడో ఒక ‘ఎ’ జారిపోతుంది. బెజవాడ ముద్దుగా ఉంటుంది గానీ జె పెట్టాలా జెడ్ పెట్టాలా అన్న దగ్గర ఆగిపోతారు. అనుకున్న పేరుని ఊళ్లో లేని బంధువుకి ఫోన్‌లో ఒక్కసారే చెప్పి, వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. మీరు అనుకున్నట్టే వస్తే అది పేరు. హైఫన్, అంకెలు పెట్టకండి, పెడితే ఫోన్‌లో చెప్పేటప్పుడు ప్రతిసారీ వివరించాలి.

పేరు కుదిరాక డబ్బు కట్టే ముందు ఐపీ ఇండియా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ వెతకండి, ఉచితం. అక్కడ సరుకుల రకాన్ని బట్టి క్లాసులు ఉంటాయి. ఊరగాయలు 29వ క్లాసులో, కారం, మసాలా పొడులు 30వ క్లాసులో ఉంటాయి. ఎవరైనా అదే పేరుని ముందే రిజిస్టర్ చేసుకుని ఉంటే ఆ పేరు వదిలేయండి. డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ అని వివాదాల విధానం ఉంది, డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ ఉంది. మీ పేరు వాళ్ల మార్కుని పోలి ఉంది, మీకు దాని మీద హక్కు లేదు, దురుద్దేశంతో తీసుకున్నారు అని వాళ్లు రుజువు చేస్తే బోర్డు, బిల్లు బుక్కు, ప్యాకెట్లు అన్నీ మార్చుకోవాల్సిన రోజు వస్తుంది.

ఇప్పుడు రిజిస్ట్రేషన్

రిజిస్ట్రార్ సైట్‌లో ఖాతా మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో తెరవండి. వెబ్‌సైట్ చేసే అతని మెయిల్ వద్దు, రేపు మానేసే ఉద్యోగి మెయిల్ వద్దు. కొనబోయే డొమైన్ మీదే పెట్టుకునే మెయిల్ కూడా వద్దు, ఎందుకంటే డొమైన్ గడువు దాటితే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, గుర్తుచేసే ఉత్తరాలు మీకు చేరవు. రిజిస్ట్రెంట్ అనే చోట ఎవరి పేరు ఉంటే వాళ్లే యజమాని. ఆర్గనైజేషన్ గడిలో సంస్థ పేరు రాస్తే యజమాని ఆ సంస్థ అవుతుంది, కాబట్టి భాగస్వాములు ఉన్నవాళ్లు ముందే మాట్లాడుకుని రాయండి. బిల్లింగ్ దగ్గర జీఎస్టీ నంబరు ఇవ్వడం మర్చిపోవద్దు, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

తర్వాత వచ్చేది కార్ట్, అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. మీరు ఒక్క పేరు వేస్తే పక్కన ఈమెయిల్ ప్లాన్, సైట్ బిల్డర్, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్, డొమైన్ ప్రొటెక్షన్ అని వరసగా కనిపిస్తాయి, కొన్నిటికి టిక్ ముందే పెట్టి ఉంటుంది. కాలం ఒక ఏడాది అనుకుంటారు, అక్కడ మూడేళ్లు ఎంపికై ఉంటుంది. నిదానంగా ఒక్కొక్కటీ తీసేయండి. సైట్‌కి, చూసేవాళ్లకి మధ్య సమాచారం భద్రంగా ఉంచే ఎస్ఎస్ఎల్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగా వస్తుంది, వెబ్‌సైట్‌కి చోటిచ్చే హోస్టింగ్ కంపెనీలు చాలావరకు వాళ్లే పెట్టిస్తారు. మీ ఫోన్ నంబరు, అడ్రసు బయటకి కనిపించకుండా దాచే ప్రైవసీ డాట్ కామ్‌కి చాలామంది రిజిస్ట్రార్లు ఉచితంగానే ఇస్తున్నారు, డాట్ ఇన్‌కి ఆ సర్వీసు లేనే లేదు, కాబట్టి దానికి డబ్బు అడిగితే కట్టొద్దు. చివరికి కార్ట్‌లో మిగలాల్సింది పేరు, జీఎస్టీ, అంతే.

డబ్బు కట్టేశాం కదా అని లేచిపోవద్దు. డాట్ కామ్ అయితే ఈమెయిల్ నిర్ధారించమని ఒక లింకు వస్తుంది, 15 రోజుల్లో నొక్కకపోతే పేరు పనిచేయకుండా ఆపేస్తారు. డాట్ ఇన్‌కి కేవైసీ అడుగుతారు, కాగితాల మీద ఉన్న పేరూ ఖాతాలో రాసిన పేరూ ఒకటే ఉండేలా చూసుకోండి, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉంటే తిరిగి పంపమంటారు. ఖాతాకి రెండంచెల లాగిన్, మీకు తెలియకుండా పేరుని ఎవరూ వేరే రిజిస్ట్రార్‌కి మార్చకుండా డొమైన్‌కి ట్రాన్స్‌ఫర్ లాక్ పెట్టండి. ఆటో రెన్యూ పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోకండి, కార్డు నుంచి డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు మీద ఆర్‌బీఐ ఈ-మాండేట్ నిబంధనలు వచ్చాక విదేశీ సైట్లలో మన కార్డుల ఆటో చెల్లింపులు తరచుగా ఆగిపోతున్నాయి. గడువుకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని చేత్తో కట్టండి. డాట్ కామ్ గడువు దాటితే మామూలు ధరకి కట్టుకోవడానికి రిజిస్ట్రార్‌ని బట్టి కొన్ని రోజులు ఉంటాయి. అవి దాటి పేరు రిజిస్ట్రార్ చేతి నుంచి తొలగిపోతే 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ఫీజుకి ఎన్నో రెట్లు అడుగుతారు. అది కూడా దాటితే మరో 5 రోజులకి పేరు బజారులో పడుతుంది.

మీ పేరుతో చైనా వాళ్ల డాట్ సీఎన్ ఎవరో తీసుకోబోతున్నారు, వెంటనే కట్టండి అని మెయిల్ వస్తే టెన్షన్ పడొద్దు, జవాబు కూడా ఇవ్వొద్దు. అది పాత మోసం.

పేరు ముందే వేరేవాళ్ల దగ్గర ఉంటే

ఇక్కడ ప్రీమియం అనే మాట రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, రిజిస్ట్రీయే ఎక్కువ ధర పెట్టిన పేరు, దానికి చాలాసార్లు ప్రతి ఏడాదీ అదే ఎక్కువ ధర కట్టాలి. రెండోది, ఎవరో కొని అమ్మకానికి పెట్టిన పేరు, దానికి ఒకసారి కడితే తర్వాత మామూలు రెన్యూవలే. రెన్యూవల్ ఎంత అని రాతపూర్వకంగా అడిగాకే ముందుకు వెళ్లండి. బేరం ఆడేటప్పుడు కంపెనీ మెయిల్ నుంచి రాయొద్దు, షాపు పెద్దదని తెలిస్తే ధర పెరుగుతుంది. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల దగ్గర ఎలా అడుగుతారో అలాగే మీరు ఇవ్వగలిగిన దానికి బాగా తక్కువ నుంచి మొదలుపెట్టండి, కుదిరితే డబ్బు ఎస్క్రో ద్వారానే, అంటే పేరు మీ చేతికి వచ్చేదాకా డబ్బు తన దగ్గర ఉంచుకునే మూడో సంస్థ ద్వారానే ఇవ్వండి. కొత్తగా మొదలుపెట్టే షాపు పేరుకి లక్ష రూపాయలు పోయడం నాకు అస్సలు నచ్చదు. డాట్ కామ్ పోతే డాట్ ఇన్ చూడండి, సీఓ డాట్ ఇన్ చూడండి, ఊరి పేరు కలిపి చూడండి. తెలుగు అక్షరాల్లోనే పేరు, చివర డాట్ భారత్ కూడా దొరుకుతుంది, బోర్డు మీద అందంగా ఉంటుంది, కానీ ఈమెయిల్ చాలాచోట్ల సరిగా వెళ్లదు కాబట్టి రెండో పేరుగానే పెట్టుకోండి.

ఇప్పటికే మీ పేరు వెబ్‌సైట్ చేసిన అతని ఖాతాలో ఉండిపోయినవాళ్లు గొడవ పడకుండా ఈ పని చేయండి. గుంటూరు బ్రాడీపేటలో మాకు తెలిసిన ఒక టైలరింగ్ షాపావిడ డొమైన్ అలాగే ఉండిపోయింది, వెబ్‌సైట్ చేసిన అతను ఏటా నాలుగు వేలు అడిగేవాడు, దాని అసలు ఖర్చు వెయ్యి. ఆవిడ పంపిన మెసేజ్ ఇంతే: “బాబూ, డొమైన్ మా పేరు మీదకి మార్చుకుంటున్నాం. లాక్ తీసి ఆథ్ కోడ్ పంపు. ఇప్పటిదాకా నీకు ఇవ్వాల్సింది ఏమైనా ఉంటే చెప్పు, ఇచ్చేస్తాం.” ఆథ్ కోడ్ అంటే పేరుని వేరే రిజిస్ట్రార్ దగ్గరికి మార్చుకోవడానికి కావాల్సిన రహస్య కోడ్. డొమైన్ మీ పేరు మీదే రిజిస్టర్ అయి ఉంటే మధ్యలో మనిషి కదలకపోయినా రిజిస్ట్రార్‌ని నేరుగా అడగవచ్చు, డాట్ కామ్‌కి అయితే అడిగిన 5 రోజుల్లో ఆ కోడ్ ఇవ్వాలని ఐకాన్ నిబంధన. అతని పేరు మీదే ఉంటే మాత్రం మీరు డబ్బు కట్టిన రసీదులు, వాట్సాప్ మాటలు దాచిపెట్టుకుని, ముందు రిజిస్ట్రెంట్ పేరు మార్పించుకోండి. కొత్తగా తీసుకున్న పేరుకి 60 రోజుల దాకా ట్రాన్స్‌ఫర్ కుదరకపోవచ్చు, అది దాటాక చేయండి. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్‌కి కట్టే ఫీజులోనే గడువు ఇంకో ఏడాది పెరుగుతుంది, కాబట్టి ఆ ఏడాది రెన్యూవల్ విడిగా కట్టక్కర్లేదు.